37వ వారంలో ముహూర్తపు సిజేరియన్, బిడ్డ ఊపిరితిత్తులకని స్టెరాయిడ్ ఇంజెక్షన్: పరిశోధనలు ఏమంటున్నాయి?

ప్రశ్న: మా ఆవిడకి ఇప్పుడు 35 వారాలు. మొదటి కాన్పు సిజేరియన్, ఈసారీ ఆపరేషనే అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు సిద్ధాంతిగారితో మంచి రోజు పెట్టించారు. ఆ రోజుకి 37 వారాల 1 రోజు అవుతుంది. డాక్టరుగారు సరే అన్నారు కానీ, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ముందు రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేద్దామన్నారు. మా బావమరిది ఫిన్లాండ్‌లో జరిగిన పరిశోధన ఒకటి పంపించాడు. ఈ ఇంజెక్షన్ వల్ల పిల్లలకి తర్వాత మానసిక సమస్యలు వస్తాయని అందులో ఉందట. అప్పటినుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. ఇంజెక్షన్ చేయించాలా, వద్దా? ఇంకో మాట, మా అమ్మ పుట్టగానే బిడ్డకి తేనె నాకించాలని, బొడ్డుకి పసుపు, ఆముదం రాయాలని అంటోంది. వద్దంటే గొడవ.

జవాబు:

మీరు ఇంజెక్షన్ గురించి అడిగారు. నేను మాత్రం తేదీ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే తేదీ మారితే మీ ప్రశ్నకి అవసరమే ఉండకపోవచ్చు.

పాతికేళ్లు నవజాత శిశువుల వార్డులో పనిచేశాను. ముహూర్తాలు బాగున్న రోజుల్లో మా వార్డులో పడకలు దొరికేవి కావు. చక్కగా రెండు కేజీల ఎనిమిది వందలు, మూడు కేజీలు ఉన్న బిడ్డలే. పుట్టిన గంటకల్లా డొక్కలు ఎగరేస్తూ, మూలుగుతూ మా దగ్గరికి వచ్చేవాళ్లు. "నెలలు నిండాయి కదా డాక్టరుగారూ, బాక్సులో ఎందుకు పెట్టారు?" అని బయట అమ్మమ్మ అడిగేది. నెలలు నిండలేదమ్మా, తొమ్మిదో నెల వచ్చిందంతే అని చెప్పేవాణ్ణి. తొమ్మిదో నెల రావడం వేరు, నిండడం వేరు. 40 వారాలంటే తొమ్మిది నెలలు నిండి పైన మరో వారం. మీ వాళ్లు పెట్టించిన రోజుకి మీ బిడ్డ వయసు ఎనిమిదిన్నర నెలలు. చాలామంది బిడ్డలు 37 వారాలకీ బాగానే ఉంటారు, అది నిజమే. కానీ నొప్పులు రాకుండా, ఆపరేషన్‌తో తీసిన 37 వారాల బిడ్డ సంగతి కొంచెం వేరు. నొప్పుల సమయంలో బిడ్డ ఊపిరితిత్తుల్లో ఉన్న నీరు ఇంకిపోవడం మొదలవుతుంది. నొప్పులు లేని ఆపరేషన్‌లో ఆ పని సగంలోనే ఉండగా బిడ్డ బయటికి వచ్చేస్తుంది.

ఎంత తేడా? అమెరికాలో 19 ఆసుపత్రుల రికార్డులు చూసి 2009లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. మీ ఆవిడలాగే ముందొక సిజేరియన్ అయి, మళ్లీ తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకున్న 13 వేల పైచిలుకు తల్లుల లెక్క అది. ఆయాసం, షుగరు పడిపోవడం, ఇన్ఫెక్షన్, ఐసీయూలో చేర్చడం లాంటివన్నీ కలిపి చూస్తే 37వ వారంలో పుట్టినవాళ్లలో 15.3 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. 38వ వారంలో అది 11 శాతం, 39వ వారంలో 8 శాతం. ఇది రికార్డుల మీద చేసిన అధ్యయనం, చీటీ తీసి ఎవరికి ఏ వారం అని కేటాయించింది కాదు. కాబట్టి 37లో చేసిన ఆపరేషన్లలో కొన్నిటికి రాయని కారణాలేవో ఉండి ఉండొచ్చు. ఆ అనుమానం తీర్చడానికి డెన్మార్క్‌లో 1,274 మంది తల్లులని నిజంగానే చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. సగం మందికి 38 వారాల 3 రోజులకి, సగం మందికి 39 వారాల 3 రోజులకి ఆపరేషన్. బిడ్డని ప్రత్యేక వార్డులో చేర్చాల్సి రావడం మొదటి గుంపులో 13.9 శాతం, రెండో గుంపులో 11.9 శాతం. ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. అంటే 38 దాటాక ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా నేను గొడవ పెట్టుకోను. 37 మాత్రం ఆ కోవలోది కాదు.

ఇప్పుడు ఇంజెక్షన్. సరిగ్గా మీ పరిస్థితిలోనే, అంటే నెలలు నిండబోతుండగా తేదీ పెట్టుకున్న సిజేరియన్‌కి ముందు ఇది ఇస్తే ఏమవుతుందని బ్రిటన్‌లో 10 ఆసుపత్రులు కలిసి 998 మంది తల్లుల మీద పరీక్షించాయి. ఫలితాలు 2005లో వచ్చాయి. ఇంజెక్షన్ పనిచేసింది. ఆయాసంతో ప్రత్యేక వార్డులో చేరిన బిడ్డలు 5.1 శాతం నుంచి 2.4 శాతానికి తగ్గారు. మీ డాక్టరుగారు గాలిలోంచి చెప్పలేదన్నమాట. కానీ అదే పరిశోధనలో వారాలవారీగా లెక్కకట్టిన అంచనాలు ఉన్నాయి, మీకు కావలసింది అవి. 37వ వారంలో ఇంజెక్షన్ లేకుండా 11.4 శాతం, ఇంజెక్షన్‌తో 5.2 శాతం. 39వ వారంలో ఇంజెక్షన్ లేకుండానే 1.5 శాతం.

ఆ చివరి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజెక్షన్ చేయించి 37లో తీయడం కంటే, ఏ మందూ లేకుండా 39 దాకా ఆగడమే బిడ్డ ఊపిరికి ఎక్కువ మేలు. ఆ పరిశోధన చేసినవాళ్లే వీలైతే 39 దాకా ఆగమన్నారు.

కాయ పండేదాకా ఆగే వీలున్నప్పుడు మందు పెట్టి మాగబెట్టడం ఎందుకు? అంత సింపుల్ ప్రశ్న ఇది. అయితే ఆగే వీలుందా లేదా అన్నది మీకూ నాకూ తెలియదు, మీ డాక్టరుగారికే తెలుసు. బీపీ పెరుగుతోందా, షుగరు ఉందా, మాయ కిందికి ఉందా, బిడ్డ ఎదుగుదల తగ్గిందా, పాత కుట్టు దగ్గర నొప్పి ఉందా, పోయినసారి గర్భసంచి మీద కోత మామూలుగా అడ్డంగా కాకుండా నిలువుగా పెట్టారా? ఇలాంటి కారణం ఉంటే 37 కాదు, ఇంకా ముందే తీయాల్సి రావచ్చు. అప్పుడు నా వాదన వర్తించదు. అందుకని "ఇంజెక్షన్ ఎందుకండీ" అని అడగకండి. "37కే చేయడానికి వైద్యపరమైన కారణం ఏమైనా ఉందా, లేక మేం చెప్పిన ముహూర్తం కోసమేనా?" అని అడగండి. చాలామంది డాక్టర్లు మీ ఇంటివాళ్లతో వాదించే ఓపిక లేక సరే అంటారు. మీరే ఆగుతామంటే వాళ్లకీ హాయి.

ఇక ఫిన్లాండ్ కాగితం. మీ బావమరిది పంపింది 2020లో వచ్చిన అధ్యయనమే అనుకుంటాను. 6 లక్షల 70 వేల మంది పిల్లల రికార్డులు చూశారు. తల్లి కడుపులో ఉండగా ఈ మందు అందిన పిల్లల్లో 12 శాతం మందికి, అందనివాళ్లలో 6.5 శాతం మందికి తర్వాత ఏదో ఒక మానసిక, ప్రవర్తన సంబంధమైన సమస్య నమోదైంది. రెట్టింపు! చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఈ మందు ఎవరికి ఇస్తారు? నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉన్నవాళ్లకి. అలా పుట్టే పిల్లలకి ఈ సమస్యలు మామూలుగానే ఎక్కువ. గొడుగులు ఎక్కువ కనిపించిన రోజునే వాన పడిందని, గొడుగులే వాన తెచ్చాయంటే ఎలా? పరిశోధకులకీ ఆ సంగతి తెలుసు. అందుకే తేడాలన్నీ సర్దుబాటు చేసి చూశారు. రెట్టింపు కాస్తా మూడో వంతు పెరుగుదలకి దిగింది.

అక్కడితో కొట్టిపారేద్దామంటే నాకు మనసొప్పదు. ఎందుకంటే మందు తీసుకుని కూడా నెలలు నిండాకే పుట్టిన పిల్లల్ని వాళ్లు విడిగా చూశారు. వాళ్లలో 8.9 శాతం, మందు అందని నిండు నెలల పిల్లల్లో 6.3 శాతం. అంటే మందు అవసరమే లేకపోయిన పిల్లల్లో కూడా కొంత తేడా మిగిలింది. ఇందాక చెప్పిన బ్రిటన్ పరిశోధనలో పిల్లల్ని 8 నుంచి 15 ఏళ్ల వయసులో మళ్లీ పలకరించారు. చాలా విషయాల్లో తేడా లేదు కానీ, చదువులో అట్టడుగు పావువంతులో ఉన్నారని బడి చెప్పిన పిల్లలు ఇంజెక్షన్ గుంపులో 17.7 శాతం, మిగతా గుంపులో 8.5 శాతం. దాదాపు సగం కుటుంబాలే జవాబిచ్చాయి కాబట్టి దాన్ని రుజువు అనలేం. అలాగని దాన్ని చెవిన పెట్టకుండా వదిలేసే ధైర్యం నాకు లేదు. తప్పనిసరి అయితే ఈ చిన్న అనుమానం లెక్కలోకి రాదు. తప్పించుకోగలిగితే మాత్రం ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి?

ఇది చదివి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటేనే విషం అని మీ వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి. నా వృత్తి జీవితంలో ఇంత చవకగా, ఇంతమంది బిడ్డల్ని బతికించిన మందు ఇంకొకటి చూడలేదు. దాని కథ కొంచెం చెబుతాను.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కొడుకు పుట్టాడు, ఐదున్నర వారాలు ముందుగా. ఊపిరితిత్తులు పండలేదు. దేశాధ్యక్షుడి బిడ్డ అయినా రెండు రోజులకి మించి బతకలేదు. ఇవాళ అదే 34 వారాల బిడ్డని మన జిల్లా ఆసుపత్రిలో కూడా చాలావరకు ఇంటికి పంపించేస్తాం. ఆ మార్పులో పెద్ద వాటా న్యూజీలాండ్‌లో ఒక గొర్రెపిల్లది. లిగ్గిన్స్ అనే డాక్టరు కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవాలని గర్భంలోని గొర్రెపిల్లలకి స్టెరాయిడ్ ఇచ్చి చూస్తున్నాడు. బతికే అవకాశమే లేనంత ముందుగా పుట్టిన పిల్ల ఒకటి ఊపిరి పీలుస్తూ కనిపించింది. అక్కడినుంచి అందుకుని, హౌవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి ఆక్లండ్‌లో 282 మంది తల్లుల మీద పరీక్షించారు. 1972లో ఫలితాలు వచ్చాయి. ఊపిరితిత్తుల జబ్బు 25.8 శాతం నుంచి 9 శాతానికి, తొలి వారంలో మరణాలు 15 శాతం నుంచి 3.2 శాతానికి పడిపోయాయి. ఆ పిల్లల్ని 30 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు కూడా. తెలివితేటల్లో, మానసిక ఆరోగ్యంలో తేడా కనిపించలేదు.

ఇంత మంచి ఫలితం వచ్చాక ప్రపంచమంతా వెంటనే వాడేసిందనుకుంటున్నారా? ఇరవై ఏళ్లు పట్టింది. ఇక్కడో పరిశోధన, అక్కడో పరిశోధన, ఒకటి ఔనంటే ఇంకోటి ఏమో అంటుంది. అన్నీ ఒకచోట కలిపి లెక్కేసినవాళ్లు లేరు. 1994లో గానీ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు దీన్ని గట్టిగా సిఫార్సు చేయలేదు. ఈ మధ్యలో ఎంతమంది బిడ్డలు పోయారో! 1993లో పుట్టిన కాక్రేన్ సంస్థ తన గుర్తుగా పెట్టుకున్న బొమ్మ ఈ మందు పరిశోధనల పట్టికే. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ అది. దాని వెబ్‌సైటులో ప్రతి సమీక్షకీ మామూలు మనుషులకి అర్థమయ్యే సారాంశం ఉచితంగా దొరుకుతుంది. మీ బావమరిదికి ఆ సైటు చూపించండి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఇంత మంచి మందు కదా, పల్లెల్లో కూడా అందరికీ ఇద్దామని ఆరు దేశాల్లో దాదాపు లక్ష కాన్పుల మీద ఒక పెద్ద పరీక్ష చేశారు. బెళగావి, నాగపూర్ ప్రాంతాలూ అందులో ఉన్నాయి. 2015లో ఫలితాలు చూసి మాలాంటివాళ్లం నిర్ఘాంతపోయాం. చిన్నగా పుట్టిన బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం మీద చూస్తే మందు ప్రచారం చేసిన ఊళ్లలో వెయ్యికి మూడున్నర మంది బిడ్డలు ఎక్కువగా పోయారు, తల్లులకి ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఎందుకలా అయిందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వారాల లెక్క సరిగా తెలియక, మందు అందినవాళ్లలో చాలామందికి నెలలు నిండాకే కాన్పు అయిందన్నది మాత్రం నిజం. పుట్టిన బిడ్డని చూసుకునే వసతి కూడా అంతంత మాత్రం. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియాతో సహా ఐదు దేశాల్లో 29 ఆసుపత్రులు ఎంచుకుంది. స్కాన్‌తో వారాలు నిర్ధారించి, బిడ్డని చూసుకునే ఏర్పాటు ఉన్నచోట, 26 నుంచి 34 వారాల లోపు వాళ్లకే ఇచ్చి చూసింది. 2020లో ఫలితం: బిడ్డల మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి.

మందు అదే. ఒకచోట ప్రాణం పోసింది, ఇంకోచోట నష్టం చేసింది. అందుకే "స్టెరాయిడ్ మంచిదా చెడ్డదా" అని ఎవరైనా అడిగితే నాకు జవాబు రాదు. ఎన్ని వారాలు, ఏ ఆసుపత్రి, ఎందుకు అని ఎదురు అడుగుతాను. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 24 నుంచి 34 వారాల మధ్య, కాన్పు ముందుగా అయ్యే ప్రమాదం ఉన్నవాళ్లకే అన్నాయి. 34 దాటి 37 లోపు కాన్పు తప్పదు అనుకున్నవాళ్ల మీద అమెరికాలో ఇంకో పరీక్ష జరిగింది, 2016లో ప్రచురించారు. ఆయాసాలు కొంత తగ్గాయి, కానీ పుట్టిన బిడ్డకి షుగరు పడిపోవడం 15 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది. గర్భానికి ముందునుంచే షుగరు ఉన్న తల్లుల్ని అందులో చేర్చుకోలేదు. మీ ఆవిడకి షుగరు ఉండి, డాక్టరు ఇంజెక్షన్ తప్పదంటే ఆ రెండు మూడు రోజులు ఆవిడ షుగరు, పుట్టాక బిడ్డ షుగరు జాగ్రత్తగా చూడమని అడగండి.

ముహూర్తం సంగతి. మీ పెద్దవాళ్ల నమ్మకాన్ని నేను కాదనను, మా ఇంట్లోనూ పంచాంగం ఉంది. చంద్రుడు రోజుకో నక్షత్రం చొప్పున వెళ్తాడు. అంటే 39వ వారంలో కూడా ఏడు నక్షత్రాలు వస్తాయి. సిద్ధాంతిగారి దగ్గరికి "మంచి రోజు చెప్పండి" అని కాకుండా, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ లోపల మంచి రోజు చెప్పండి" అని వెళ్లండి. ఆ రెండు తేదీలూ డాక్టరుగారి చేత రాయించుకోండి. నేను చూసినంతలో ఇది కుదరని ఇల్లు లేదు. తేదీ లెక్క కట్టేటప్పుడు మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌నే నమ్మండి. తొమ్మిదో నెల స్కాన్‌లో వచ్చే తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ పోతుంది. అలాంటి రిపోర్టు పట్టుకుని 37 అనుకుంటే లోపల బిడ్డకి 35 కూడా కావచ్చు.

ఇంక మీ అమ్మగారి తేనె. దీని గురించి ఎక్కువ చెప్పను. ఏడాది నిండేదాకా తేనె వద్దు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు చంటిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేయగలవు, ఒళ్లంతా చచ్చుబడుతుంది. అరుదే, కానీ వస్తే బిడ్డ వెంటిలేటర్ మీదికి వెళ్తుంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించాలి, ఆపరేషన్ అయినా సరే. థియేటర్‌లోనే బిడ్డని తల్లి ఛాతీ మీద పెట్టమని ముందే అడిగి పెట్టుకోండి. బొడ్డుతాడు కత్తిరించే ముందు కనీసం ఒక నిమిషం ఆగమని కూడా. ఆ నిమిషంలో మాయలోంచి వచ్చే రక్తం బిడ్డకి కొన్ని నెలలకి సరిపడా ఇనుము ఇస్తుంది. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన దగ్గర అది చిన్న విషయం కాదు.

బొడ్డు సంగతి మాత్రం నాకు ఆసక్తికరం, ఎందుకంటే ఇక్కడా ఊరిని బట్టే జవాబు. నేపాల్‌లో సర్లాహీ జిల్లాలో బొడ్డుకి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు రాస్తే బిడ్డల మరణాలు 24 శాతం తగ్గాయని 2006లో తేలింది. అక్కడ కాన్పులు ఎక్కువగా ఇళ్లలో జరిగేవి. జాంబియాలో, టాంజానియాలోని పెంబా దీవిలో అదే పని చేస్తే ప్రాణాల లెక్కలో ప్రయోజనం కనిపించలేదు. మన రెండు రాష్ట్రాల్లో దాదాపు అందరూ ఆసుపత్రిలోనే కంటున్నారు కాబట్టి బొడ్డుకి ఏమీ రాయకపోవడమే సరైనది. పొడిగా, శుభ్రంగా, డైపరు మడతకి పైన ఉంచితే వారం పది రోజుల్లో అదే రాలిపోతుంది. అమ్మగారు ఎంత చెప్పినా వినకుండా మీరు లేనప్పుడు ఏదో ఒకటి రాసేస్తారు అనిపిస్తే, పిల్లల డాక్టరుని అడిగి ఆ క్లోర్‌హెక్సిడిన్ రాయించుకుని అమ్మగారి చేతికే ఇవ్వండి, "రోజుకోసారి ఇది నువ్వే రాయమ్మా" అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బొడ్డుకి హానిచేసేవి రాసే అలవాటు ఉన్నచోట దాన్ని వాడమనే అంటోంది. కళ్లలో, చెవుల్లో పడకుండా చూసుకోవాలి. ఆముదాన్ని ఒంటికి మర్దనా దాకా పరిమితం చేస్తే గొడవ సగం తగ్గుతుంది.

చివరిగా, 39 దాకా ఆగుదామని నిర్ణయించుకున్నా, ఈలోపే నొప్పులు రావచ్చు. తేదీ పెట్టుకున్నవాళ్లలో పదిమందిలో ఒకరికి అలా వస్తాయి. ముందు సిజేరియన్ అయింది కాబట్టి ఇంట్లో ఉండి చూద్దాం అనుకోవద్దు. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా అర్ధరాత్రయినా వెంటనే బయల్దేరండి. ఫైలు, మొదటి స్కాన్ రిపోర్టు ఇప్పుడే ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచండి.